ఫోర్టిఫైడ్ వైను బలవర్ధకమూ కాదు, వంటదినుసూ కాదు



తెలుగు వంటల వీడియోలలో ఈ మధ్య ఒక కొత్త దినుసు కనిపిస్తున్నది. మాంసం కూరలో అర గ్లాసు పోర్ట్, పుట్టగొడుగుల సూపులో రెండు చెంచాల షెర్రీ, కోడిమాంసంలో మార్సాలా. వంట ముగిసిన తరువాత ‘ఏ వంటకానికి ఏ వైను జోడీ’ అనే పాఠం కూడా ఉంటుంది. చెప్పేవారు చిరునవ్వుతో మూడు హామీలు ఇస్తారు. ఇది ఫోర్టిఫైడ్ వైను కనుక బలం ఇస్తుందన్నది మొదటిది. ఉడికితే మద్యం ఆవిరైపోతుంది కనుక పిల్లలకు కూడా పెట్టవచ్చునన్నది రెండవది. భోజనంతో పాటు పుచ్చుకొనే వైను గుండెకు మేలన్నది మూడవది.

ఈ మూడూ అసత్యాలే. నలభై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వ వైద్యంలో గడిపి, ఇప్పుడు ధర్మసాగర్‌లో విశ్రాంత జీవితం గడుపుతున్న నాకు ఈ మాట సున్నితంగా చెప్పాలని లేదు. మన ఇండ్లలో మద్యం ఇంతకాలం గడప బయట ఉండేది. తాగేవాడు బయట తాగి వచ్చేవాడు. ఇల్లాలు తలుపు దగ్గర నిలబడి పోట్లాడేది. ఇప్పుడు అదే మద్యాన్ని వంట పేరిట ఉప్పు డబ్బా పక్కన, పసుపు డబ్బా పక్కన పెట్టుకొమ్మంటున్నారు. దాన్ని అక్కడ పెట్టే పనిని ఆ ఇల్లాలి చేతికే అప్పగిస్తున్నారు. నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది.

మాట చేసిన మోసం

‘ఫోర్టిఫైడ్’ అనే మాటను మన ప్రజలు మొదట విన్నది చౌకధరల దుకాణంలో. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపిన గింజలను సాధారణ బియ్యంలో చేర్చి ఫోర్టిఫైడ్ బియ్యం అన్నారు. పాల ప్యాకెట్ల మీద, నూనె ప్యాకెట్ల మీద ఎ, డి విటమిన్లు కలిపినట్లు అదే మాట ఉంటుంది. కనుక సామాన్యుని మనసులో ఫోర్టిఫైడ్ అంటే పోషకాలు కలిపినదనే అర్థం స్థిరపడింది. ఆ అర్థంతోనే ఫోర్టిఫైడ్ వైనును చూస్తే అది బలవర్ధకంలాగే కనిపిస్తుంది.

నిజానికి అందులో అదనంగా కలిపేది విటమిను కాదు. ద్రాక్షనుంచి తీసిన ఘాటైన సారాయి. పోర్చుగల్‌లోని డౌరో లోయలో పోర్ట్ వైను తయారుచేసే పద్ధతి చూడండి. ద్రాక్షరసం పులుస్తూ సగం దారిలో ఉండగానే, సుమారు నాలుగు పాళ్ల రసానికి ఒక పాలు చొప్పున, 77 శాతం మద్యం గల సారాయిని పోస్తారు. ఆ ఘాటుకు పులియబెట్టే ఈస్టు చచ్చిపోతుంది. పులవకుండా మిగిలిన చక్కెర వైనులో అలాగే ఉండిపోతుంది. అందుకే పోర్ట్ తియ్యగానూ ఉంటుంది, తీవ్రంగానూ ఉంటుంది. సాధారణ వైనులో మద్యం 12 నుంచి 14 శాతం ఉంటే, పోర్ట్‌లో 19 నుంచి 22 శాతం ఉంటుంది. స్పెయిన్ దేశపు షెర్రీ, ఇటలీ మార్సాలా, పోర్చుగల్‌కే చెందిన మదీరా ద్వీపపు వైను అన్నీ 15 నుంచి 22 శాతం మధ్యలోనివే. ఓడలలో దూరప్రయాణం చేసినా చెడిపోకుండా ఉండేందుకు వ్యాపారులు ఈ పద్ధతిని విస్తరించారు. అది సరుకు నిల్వకోసం పుట్టిన ఉపాయం. ఆరోగ్యంతో దానికి సంబంధం లేదు. బలపరచింది వైనును, తాగేవాణ్ని కాదు.

ఒక లెక్క చూద్దాం. 20 శాతం గల పోర్ట్ 75 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న గ్లాసు తీసుకుంటే, అందులో శుద్ధ మద్యం 15 మిల్లీలీటర్లు. బరువులో అది సుమారు 12 గ్రాములు. దానితోపాటు ఏడు గ్రాముల వరకు చక్కెర. మొత్తం నూటపది కేలరీలకు పైగా శక్తి వస్తుంది కానీ, అందులో మాంసకృత్తులు లేవు, విటమిన్లు లెక్కలోకి రావు. మధుమేహ రోగికి ఇది రెండువైపులా పదునైన కత్తి. చక్కెర వెంటనే పెరుగుతుంది. మద్యం కాలేయాన్ని అడ్డుకొని గంటల తరువాత చక్కెరను పడగొడుతుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ రాత్రి తాగి పడుకొన్నవారు తెల్లవారేసరికి స్పృహలో లేకపోవడం వైద్యులకు తెలియని విషయం కాదు. ఇంట్లోవారు మత్తులో ఉన్నాడనుకొని వదిలేస్తారు. అదే ప్రాణాంతకం.

‘ఎర్ర వైను తాగితే రక్తం పడుతుంది’ అనే నమ్మకం కూడా మన ఊళ్లలో ఉన్నది. రంగు ఎరుపు కనుక రక్తం అని తలచడం తప్ప ఇందులో శాస్త్రం లేదు. చిన్న గ్లాసు పోర్ట్‌లో ఉండే ఇనుము అర మిల్లీగ్రాముకు మించదు. పైగా మద్యం ఫోలిక్ ఆమ్లాన్ని దెబ్బతీసి, ఎముక మజ్జలో రక్తకణాల తయారీని మందగింపజేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అటువంటి నేలమీద నిలబడి వైనుతో రక్తం పడుతుందని చెప్పడం అజ్ఞానమైతే సరిదిద్దాలి, వ్యాపారమైతే ఖండించాలి.

ఇక్కడ మన భాష చేసిన అన్యాయం కూడా ఒకటి ఉన్నది. రోగానికి వేసుకొనేదీ మందే, సీసాలో తాగేదీ మందే. నేను పనిచేసిన ఊళ్లలో బాలింతకు చలువ చేయకూడదని చెంచాడు బ్రాందీ పట్టేవారు. ముక్కు కారుతున్న పసిబిడ్డ నాలుకకు కూడా రాసేవారు. అడిగితే ‘మందే కదా డాక్టరు సాబ్!’ అనేవారు. తల్లి తాగిన మద్యం తల్లిపాలలోకి చేరుతుంది. మద్యం శరీరపు వేడిని పెంచదు. చర్మపు రక్తనాళాలను వెడల్పు చేసి, వెచ్చగా ఉన్నదన్న భ్రమను కలిగించి, లోపలి వేడిని బయటికి పోగొడుతుంది. ఈ మూఢనమ్మకం పూర్తిగా పోకముందే, అదే సీసా చదువుకొన్నవారి ఇండ్లలోకి ‘ఫోర్టిఫైడ్’ అనే పెద్దమాట తొడుక్కొని వస్తున్నది. మన పట్టణాలలో సారాయి, బీరు, బ్రాందీ అమ్మే ప్రతి దుకాణానికీ ‘వైన్స్’ అనే బోర్డు ఎందుకున్నదో ఒకసారి ఆలోచించండి. వైను అనే పేరుకు పెద్దరికం ఉన్నది. ఆ పెద్దరికం చాటున ఏదైనా అమ్మవచ్చు.

‘ఆయుర్వేదంలో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం లేవా?’ అని అడిగే విజ్ఞులు ఉన్నారు. ఉన్నాయి. అవి వైద్యుడు చెప్పిన కొలతలో, సాధారణంగా సమానమైన నీటితో, కొద్ది రోజులు పుచ్చుకొనే ఔషధాలు. వాటిని ఎవరూ గ్లాసులో పోసుకొని, పక్కన వేయించిన కోడిముక్కలు పెట్టుకొని తాగమనలేదు. ఔషధానికి మోతాదు ఉంటుంది, వ్యవధి ఉంటుంది, జవాబుదారీ ఉంటుంది. వీడియోలో చెప్పే గ్లాసుకు ఈ మూడూ లేవు.

నిజంగా ఆవిరైపోతుందా?

మద్యం 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కనుక మద్యం ముందే ఎగిరిపోతుందని పాఠశాల విజ్ఞానంతో వాదిస్తారు. విడివిడిగా ఉంటే అది నిజం. కలిసినప్పుడు నీరు, మద్యం ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. రెండూ కలిసే ఆవిరవుతాయి. కూరలో నీరు ఉన్నంతకాలం కొంత మద్యమూ ఉంటుంది.

1992లో అమెరికాలో ఈ సంగతిని వండి, కొలిచి చూశారు. మరుగుతున్న రసంలో మద్యం పోసి వెంటనే దించితే 85 శాతం మిగిలింది. పళ్లెంలో పోసి మంట అంటించే ఆర్భాటపు వంటలో 75 శాతం మిగిలింది. మంట ఆరిపోయింది కానీ మద్యం పోలేదు. కలుపుతూ పావుగంట ఉడికించినప్పుడు 40 శాతం, అరగంటకు 35 శాతం, గంటకు 25 శాతం, రెండు గంటలకు 10 శాతం, రెండున్నర గంటలు ఉడికిన తరువాత కూడా 5 శాతం మిగిలింది. వెడల్పాటి పాత్రలో త్వరగా పోతుంది, ఇరుకు పాత్రలో నెమ్మదిగా పోతుంది. పూర్తిగా పోయిన సందర్భం మాత్రం లేదు.

న్యాయంగా మాట్లాడాలి కనుక రెండో వైపు లెక్క కూడా చెబుతాను. మాంసం కూరలో 200 మిల్లీలీటర్ల పోర్ట్ పోశారనుకోండి. అందులో మద్యం 32 గ్రాముల వరకు ఉంటుంది. అరగంట ఉడికితే 11 గ్రాములు మిగులుతాయి. నలుగురు తింటే మనిషికి మూడు గ్రాముల లోపు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి దానివల్ల మత్తెక్కదు, కాలేయం ఒక్కసారిగా చెడిపోదు. అలా బెదిరించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పంక్తిలో కూర్చొనేది ఆరోగ్యవంతుడైన పెద్దవాడొక్కడేనా?

మద్యం మానేందుకు డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్న వ్యక్తి ఆ పంక్తిలో ఉండవచ్చు. ఆ మాత్ర వేసుకొన్నవారు మద్యం కలిసిన వంటకాలు, సాసులు, దగ్గు మందులు కూడా ముట్టకూడదు. ముడితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులు పట్టి, రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉన్నది. మాత్ర ఆపిన తరువాత కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉండవచ్చు. మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడేవారికి కూడా మద్యం వద్దని వైద్యులు హెచ్చరిస్తారు. అక్కడే గర్భిణి ఉండవచ్చు. గర్భస్థ శిశువుకు ఇంత మద్యమైతే సురక్షితం అని నిర్ణయించిన కొలత ఏదీ లేదు. పదిహేను కిలోల పసివాడు ఉండవచ్చు. పెద్దవానికి లెక్కలోకి రానిది వానికి లెక్కే. మతనియమం వల్లనో, తల్లికి ఇచ్చిన మాట వల్లనో మద్యం ముట్టని మనిషి ఉండవచ్చు. ఎంతో కష్టపడి ఏడాది క్రితం మానేసినవాడు ఉండవచ్చు; ఆ వాసన, ఆ రుచి వానిని మళ్లీ ఎక్కడికి లాక్కుపోతుందో వాని భార్యకు తెలుసు.

వీరందరికీ చెప్పకుండా వడ్డించడం మర్యాద కాదు. శాకాహారికి మాంసరసం కలిపిన పప్పు చెప్పకుండా వడ్డిస్తే ఎంత ద్రోహమో ఇదీ అంతే. హోటళ్లయినా, విందులు చేసే క్యాటరింగ్ వారైనా వంటకంలో మద్యం ఉంటే ఆ మాట పేరు పక్కనే రాయాలి. పచ్చ గుర్తు, గోధుమరంగు గుర్తు పెట్టి శాకాహారాన్నీ మాంసాహారాన్నీ వేరు చేసిన దేశంలో ఈ మాత్రం అడగడం అత్యాశ కాదు.

మరో రెండు ప్రమాదాలు క్లుప్తంగా చెబుతాను. విదేశీ అంగళ్లలో ‘కుకింగ్ వైన్’ పేరిట అమ్మే సీసాలలో తాగకుండా ఉండేందుకు ఉప్పు కలుపుతారు. రక్తపోటు ఉన్నవారు దాన్ని కూరలో పోసి, పైన మళ్లీ ఉప్పు వేస్తారు. ఇక, వేడెక్కిన పాత్రలో మద్యం పోస్తే లేచే ఆవిరికి గ్యాసు మంట ఇట్టే అంటుకుంటుంది. హోటలు వంటవాడు చేసే ఆ విన్యాసాన్ని పాలిస్టరు చీర కట్టుకొని, ఇరుకు వంటగదిలో, చంకలో బిడ్డతో చేయవద్దు. కాలిన గాయాలకు కట్లు కట్టిన చేతులతో ఈ మాట రాస్తున్నాను.

మన వంటకు ఈ అరువు దేనికి?

వైను వంటకు చేసేదేమిటి? పులుపు ఇస్తుంది, తీపి ఇస్తుంది, కొంత వగరు ఇస్తుంది; నీటిలో కరగని సువాసనలను కరిగించి ముక్కుకు అందిస్తుంది. ఈ నాలుగు పనులూ మన వంటింట్లో ఎప్పటినుంచో జరుగుతున్నాయి. పులుపుకు చింతపండు, నిమ్మ, మామిడి, గోంగూర, ఉసిరి ఉన్నాయి. తీపికి బెల్లం, కిస్మిస్ ఉన్నాయి. వగరుకు దానిమ్మ గింజలున్నాయి. సువాసనలను కరిగించే పని తాలింపులో కాగిన నూనె చేస్తుంది. జీలకర్ర, ధనియాలు, మెంతుల వాసన నూనెలో కరిగే కదా కూరంతా పరుచుకొనేది! చింతచిగురు వేసి వండిన మాంసం తిన్నవానికి పోర్ట్ వైను రుచి కొత్తగా చెప్పేదేమీ లేదు. ద్రాక్ష రుచే కావాలంటే నల్లద్రాక్షను చిదిమి, రసం తీసి, సగానికి మరిగించి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి వాడుకోండి. ఖర్చు తక్కువ, భయం లేదు, ఎవరికీ చెప్పి వడ్డించవలసిన అవసరమూ లేదు.

ఫ్రాన్సు, పోర్చుగల్, స్పెయిన్ వారు వైనుతో వండుకొన్నారంటే వారి నేలలో ద్రాక్ష పండింది కనుక, అది వారికి చేతికందిన పులుపు కనుక. దానిని నేను తప్పుపట్టను. వారి నేలకు అది సహజం. మన నేలకు చింతచెట్టు సహజం. ఇక్కడ వైను వేస్తే అది రుచికోసం కాదు, హోదాకోసం. హోదాను నాలుక గుర్తించదు. పాకెట్టు, కాలేయం గుర్తిస్తాయి.

భోజనంతో జోడీ అనే భ్రమ

‘భోజనంతో వైను గుండెకు మేలు’ అనే ప్రచారానికి ఒక పుట్టుక ఉన్నది. 1991 నవంబరులో అమెరికాలోని సి.బి.ఎస్. టెలివిజన్ తన ‘60 మినిట్స్’ కార్యక్రమంలో, వెన్న, జున్ను దండిగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువెందుకని ప్రశ్నించి, ఎర్ర వైనువైపు వేలు చూపింది. మరుసటి ఏడాది సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లాన్సెట్ పత్రికలో అదే వాదాన్ని ప్రకటించాడు. తరువాత ద్రాక్ష తొక్కలోని రెస్వెరాట్రాల్ అనే పదార్థానికి మహిమలు ఆపాదించారు. లీటరు ఎర్ర వైనులో అది కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు అనుకొన్నా, ప్రయోగాలలో వాడే 500 మిల్లీగ్రాముల మోతాదు అందాలంటే 200 లీటర్లు తాగాలి! ఆ పదార్థంపై విరివిగా రాసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త దీపక్ దాస్ తన పరిశోధనలలో దొంగ ఆధారాలు సృష్టించాడని 2012 జనవరిలో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించింది.

మితంగా తాగేవారికి గుండెజబ్బులు తక్కువని చూపిన పాత అధ్యయనాలలో ఒక మౌలిక లోపం ఉన్నది. ‘తాగనివారు’ అనే జాబితాలో, జబ్బుచేసి తాగుడు మానినవారిని కూడా కలిపారు. రోగులను ఒక పక్క పెట్టి, ఆరోగ్యవంతులను రెండో పక్క పెట్టి తూచితే తక్కెడ ఎటు మొగ్గుతుంది? పైగా రోజూ భోజనంతో ఒక గ్లాసు వైను తాగే విదేశీయునికి సాధారణంగా డబ్బు, చదువు, మంచి కూరగాయలు, మంచి వైద్యం కూడా ఉంటాయి. వాటి పుణ్యాన్ని వైను ఖాతాలో వేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని మానవులకు క్యాన్సరు కలిగించే మొదటి వర్గం పదార్థాలలో చేర్చింది. పొగాకు పొగ, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గమే అది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీల రొమ్ము క్యాన్సర్లతో మద్యానికి సంబంధం ఉన్నది. గుట్కా, జర్దా నమిలే మన సమాజంలో నోటి క్యాన్సరు ముప్పును మద్యం మరింత పెంచుతుంది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్యంలో ఆరోగ్యానికి సురక్షితమైన పరిమాణమంటూ ఏదీ లేదని స్పష్టంగా ప్రకటించింది. ఆ మాట పోర్ట్‌కూ వర్తిస్తుంది, బీరుకూ వర్తిస్తుంది, కల్లుకూ వర్తిస్తుంది.

ఖాళీ కడుపుతో తాగడం కంటే తింటూ తాగితే మద్యం నెమ్మదిగా రక్తంలో చేరుతుందన్నది నిజమే. కానీ ‘జోడీ’ అనే విద్య తాగేదాన్ని తగ్గించదు, పెంచుతుంది. సూపుకు ఒక షెర్రీ, మాంసానికి ఒక ఎర్ర వైను, తీపికి ఒక పోర్ట్ అని వరుస కడితే ఒక భోజనానికి మూడు గ్లాసులు. మన దావతుల్లోని ‘మంచింగ్’ కూడా ఇదే విద్య. ఉప్పు, కారం, వేపుడు నోటిని ఎండగడతాయి. ఎండిన నోరు మరో గ్లాసు అడుగుతుంది. నూనె వేపుళ్లు, మద్యం కలిసి రక్తంలో ట్రైగ్లిసరైడ్లను పెంచుతాయి. క్లోమగ్రంథి వాపుకు మద్యం ప్రధాన కారణాలలో ఒకటి. కడుపులో కత్తితో పొడిచినట్లు నొప్పి, అది వీపుకు పాకడం, ఆగని వాంతులు: దావతు మరునాడు ఈ లక్షణాలతో వచ్చేవానికి ‘గ్యాసు’ అని మాత్ర ఇచ్చి పంపేవారు ఉన్నారు. అది గ్యాసు కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కల్లుకు మోటు పేరు, వైనుకు గొప్ప పేరు

మా ప్రాంతపు అసలైన జోడీ తాటికల్లు, ఈతకల్లు. పండుగకు, పెండ్లికి, చావుకు కూడా కల్లు ఉంటుంది. దానిని చదువుకొన్నవారు మోటు అంటారు. అదే నోటితో వైను సంస్కారం అంటారు. లెక్క చూడండి. ఐదు శాతం మద్యం ఉన్న కల్లు అర లీటరులో సుమారు 20 గ్రాముల మద్యం ఉంటుంది. రెండు చిన్న గ్లాసుల పోర్ట్‌లో 24 గ్రాములు. కాలేయానికి కులం తెలియదు, భాష తెలియదు, గ్లాసు ఆకారం తెలియదు. లోపలికి పోయిన ప్రతి గ్రామునూ అది ఒకే విధంగా ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మార్చుకొని, తరువాత శుద్ధి చేసుకోవాలి.

కల్లును నేను వెనకేసుకు రావడం లేదు. దాని పేరిట మన జిల్లాల్లో జరిగిన ఘోరం పెద్దది. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన నీళ్లను కల్లు అని అమ్మారు. 2015లో నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆ కల్తీని అడ్డుకోగానే, దానికి అలవాటుపడినవారు మూర్ఛలతో, మతిభ్రమణంతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం అదే దృశ్యాన్ని మళ్లీ చూసింది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఈ పాపం ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికునిది కాదు. వారు చెట్టు మీదినుంచి పడి నడుములు విరగ్గొట్టుకోవడం ఈ ప్రాంతంలో పనిచేసిన ప్రతి వైద్యుడూ చూసినదే. 2024లో ప్రభుత్వం వారికి కాటమయ్య పేరిట రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టడం మంచిపని. సూర్యోదయానికి ముందు దింపి, పులవకుండా చల్లగా ఉంచిన నీరాకు మార్కెటు కల్పిస్తే అతని బతుకూ నిలుస్తుంది, తాగేవాని ఒళ్లూ నిలుస్తుంది. విదేశీ వైనుకు పళ్లెం సిద్ధంచేసే మన నవనాగరికులు ముందు ఈ నీరాకు ఒక గ్లాసు సిద్ధం చేయవచ్చు. అందులోనూ చక్కెర ఉంటుంది కనుక మధుమేహులు మాత్రం దూరంగా ఉండాలి.

మూల్యం చెల్లించేది ఎవరు?

అదే సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషులలో 43.3 శాతం మంది మద్యం సేవిస్తున్నారు. దేశ సగటు 19 శాతం లోపే. మన స్త్రీలలో ఈ సంఖ్య 6.7 శాతం, దేశంలో 1.3 శాతం. అనగా కొత్త కొనుగోలుదారులు కావలసిన వ్యాపారానికి మిగిలిన మార్కెటు స్త్రీలే. వారిని బెల్టుషాపుకు రమ్మని పిలవలేరు. కనుక వంటింటిగుండా వస్తున్నారు. 2023లో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు, తిరిగి ఇవ్వని రెండు లక్షల రూపాయల రుసుము కట్టి, లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వేశారంటే ఈ వ్యాపారంలో ఎంత లాభం ఉన్నదో ఊహించండి. ఆ లాభం ఎవరి ఇంటినుంచి వస్తున్నది?

తెలుగు స్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి కూర్చొన్న గ్రామీణ స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. చట్టం పోయింది కానీ ఆ స్త్రీల అనుభవం పోలేదు. అక్షరం నేర్చుకొంటూ సారాను ఊరినుంచి తరిమిన తల్లుల మనుమరాండ్లకు, నేడు అదే అక్షరాలతో ‘రెండు చెంచాల షెర్రీ వేయండి’ అని రాసి ఇస్తున్నారు. ఇంతకంటే విషాదం ఉన్నదా?

పిల్లల సంగతి మరువవద్దు. తండ్రి దాచుకొని తాగితే బిడ్డ అది తప్పని గ్రహిస్తాడు. తల్లి కూరలో పోసి, పెద్దలు గ్లాసులు ఎత్తి, ఏది దేనికి జోడీయో చర్చించుకొంటే, మద్యం భోజనంలో భాగమని నేర్చుకొంటాడు. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు చేరే మా ధర్మసాగర్ రిజర్వాయరు గట్టుమీద పొద్దున నడకకు వెళ్తే కనిపించే ఖాళీ సీసాలు ముసలివాళ్లవి కావు. మీసాలు రాని పిల్లలవి. వారికి మొదటి పాఠం ఎక్కడ దొరికిందో ఆలోచించండి.

పాఠకులు చేయవలసినవి

1. మద్యం కలిసిన వంటకాన్ని గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు, కాలేయ రోగులకు, మద్యం మానినవారికి పెట్టవద్దు. విందులో సందేహముంటే వడ్డించేవారిని నిస్సంకోచంగా అడగండి.

2. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, నిద్ర, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు ‘కొంచెం వైనే కదా’ అని సొంత నిర్ణయం చేయవద్దు.

3. రక్తహీనతకు వైను కాదు. పరీక్ష చేయించుకొని ఇనుము మాత్రలు వాడండి. ఆకుకూరలు, పప్పులు, వాటితో నిమ్మరసం, వీలైనవారు గుడ్డు, మాంసం తినండి.

4. రోజూ మద్యమో, కల్తీకల్లో తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా సొంతంగా మానవద్దు. చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి, లేనివి కనిపించడం, మూర్ఛలు రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మానాలి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. 14446 వ్యసన విముక్తి సహాయ కేంద్రానికి, 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

5. ఇంట్లో మద్యం సీసాను వంటసామాను మధ్య పెట్టవద్దు. ఇప్పటికే పెట్టినవారు ఈ రోజే తీసివేయండి.

విదేశీ వంటను నేర్చుకోవద్దని నేను అనడం లేదు. ఏ దేశపు రుచి అయినా మన ఇంటికి రావచ్చు. రుచికి వీసా అక్కరలేదు. కానీ రుచి పేరు చెప్పుకొని రోగం వస్తే ఆపవలసింది వంట చేసే చేయే. ‘ఫోర్టిఫైడ్’ అన్న అక్షరాలు సీసామీద ఉంటాయి. ఇంటి బలం బియ్యం డబ్బాలో, కూరగాయల బుట్టలో, తాగని తండ్రి తెచ్చిన జీతంలో, భయం లేకుండా నిద్రపోయే పిల్లల కన్నులలో ఉంటుంది. దానిని పలచన చేసే ఏ ద్రవమూ మన వంటింట్లో దినుసు కాజాలదు.